జెండా లేచింది గానీ...

వినండి నాయనలారా! గంగమ్మ తల్లి మీద ఒట్టు, ఈ కథ చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పూర్వం ఒక రాజ్యంలో సాలెపేటను వరద ముంచకుండా కాలువ మొదట్లో ఇనప తలుపున్న తూము ఉండేది. కూతవేటు దూరంలోని మంచె మీద తాడు లాగితే, అక్కడ జెండా లేవాలి, ఇక్కడ తలుపు దిగాలి. కాలువల అధికారి శరభయ్య ఏటా తాడు లాగి, జెండా చూసి, ముద్ర వేసి పోయేవాడు. తూము వైపు తొంగి చూసిన పాపాన పోలేదు. నిరుడు వరదకు పేటలో మగ్గాలన్నీ మునిగిపోయాయి.

ఈసారి తనిఖీకి రాజుగారే వచ్చారు. తూము కాసే మాదన్న ఇక ఆగలేకపోయాడు.

"ప్రభూ, తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. జెండా ఒక్కటే లేస్తోంది!"

"జెండా లేస్తే తలుపు దిగినట్టేరా! నా ముద్రనే కాదంటావా? ప్రభూ, వీడి తల తీయించాలి!" అని అరిచాడు శరభయ్య.

"కత్తెందుకు దొరా, మీ తలుపుందిగా!" అంటూ మాదన్న కాలువలోకి దిగి తలుపు కింద మెడ పెట్టాడు. "లాగండి!"

శరభయ్య మంచెక్కి కసిగా లాగాడు. జెండా రెపరెపలాడింది.

"జెండా లేచింది ప్రభూ," అంది తలుపు కింది తల.

రాజుగారి కళ్లు ఎర్రబడ్డాయి. "శరభయ్యా, ఈ వానాకాలమంతా నీ కాపురం సాలెపేటలోనే!"

అంతే! శరభయ్య ఆముదం గిన్నె పట్టుకుని తూముకేసి పరుగెత్తాడు. జెండా వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు!