జల్లెడలో మిగిలింది

ఒక ఊళ్ళో ఒకావిడ రాగులు విసిరేది. విసురుతూ పాటలు కట్టేది. ఆవిడకు మేళం లేదు, పోషించే దొర లేడు. ఉన్నవల్లా ఒక తిరగలి, దాన్ని మోసే గాడిద, వారానికి ఏడు సంతలు.

సంతలో నీడపట్టు చూసుకుని తిరగలి దించేది. ఆడవాళ్ళు రాగులు తెచ్చి పోసేవారు. రాయి తిరగడం మొదలవగానే పాట మొదలయ్యేది. విసరడం అయిపోయినా వాళ్ళు పిండి ఎత్తుకుని వెళ్ళేవారు కారు. ఇంట్లో సంగటి పొయ్యెక్కాలన్న సంగతే మరిచిపోయి, ఎసరు మరిగి మరిగి ఇంకిపోయాక మొగుళ్ళ చేత చీవాట్లు తినేవారు. మర్నాడు మళ్ళీ వచ్చేవారు.

పెద్ద మేళాలవాళ్ళు కబురు పెట్టకపోలేదు. పట్టుచీర ఇస్తాం, పల్లకీ ఎక్కిస్తాం, మేం చెప్పిన పాట పాడమన్నారు.

"ఒకరి గొడుగు కింద నడిస్తే ఎండ తగలదు, నిజమే," అందావిడ. "కానీ వాళ్ళ నడకే నడవాలి. నాకు మా గాడిద నడక అలవాటైపోయింది."

ఇంతకీ ఆవిడకు పాట ఎక్కడిది? చెప్పుకోవాల్సిన సంగతే. మొదటిది తల్లి దగ్గర వచ్చింది. తల్లి కూడా రాగులు విసిరేది. పిడికెడు గింజలు పోసినప్పుడల్లా రాయి ఒక్క క్షణం బరువెక్కుతుంది కదా, అక్కడ తల్లి గొంతు సాగేది. ఆ సాగదీత పిల్లకు పాలతోపాటు ఒంటబట్టింది.

రెండోది రేవులో పడవవాడిది. అవతలి ఒడ్డున ఎవరైనా ఉన్నారేమోనని వాడొక కూత వేసేవాడు. మూడోది వీధినాటకాల హార్మణీ మేష్టారిది. ఆయన పెట్టెలో ఒక మెట్టు పలకదు. బాగుచేయించే స్తోమత లేక, అది వచ్చినప్పుడల్లా ఆయన ఒక గెంతు గెంతి పక్క మెట్టు మీద వాలేవాడు. ఈవిడ ఆ గెంతునే నేర్చుకుంది. రాగం అంటే అలాగే ఉంటుందనుకుంది పాపం.

ఏళ్ళు గడిచాయి. ఆవిడ పేరు నదికి అటూ ఇటూ పాకింది. పేరు పాకితే ఓర్వలేని మొహాలు కూడా పుట్టుకొస్తాయి. పెద్ద మేళంలో పాడేవాడొకడు సంతలో పదిమంది ముందు నవ్వాడు. "ఆ కూత పడవవాడిది, ఆ గెంతు హార్మణీవాడిది, మిగిలింది వాళ్ళమ్మది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఈవిడ పాట!"

ఆ మాట ఆవిడకు ముల్లులా దిగింది. అప్పటికి జుట్టు నెరిసింది, మోచేతులు పట్టేస్తున్నాయి. పిల్లలు లేరు, శిష్యులు లేరు. నేను పోయాక నా పాట ఏమవుతుంది అన్న దిగులు ముందే ఉంది. ఇప్పుడు ఇంకో దిగులు దాని నెత్తికెక్కి కూచుంది. అసలు అందులో నాదంటూ ఏమైనా ఉందా?

సరిగ్గా అప్పుడే రాజుగారి గానశాల నుంచి పిలుపు వచ్చింది.

గానశాలలో ఒక ఆచారం ఉంది. కొత్తగా వచ్చిన ప్రతి పాటనూ బంగారు తీగెల జల్లెడలో పోసి జల్లిస్తారు. కింద రాలింది పరాయిది కాబట్టి ఎవరిది వాళ్ళకు పంపేస్తారు. పైన మిగిలింది పాడినవాళ్ళ సొంతం. దాన్ని గంధపుచెక్క భరిణెలో పెట్టి, మూత మీద పేరు చెక్కి, కలకాలం దాస్తారు. ఒకసారి జల్లించాక ఆ గొంతులో ఇక పాట మిగలదు.

"ఒప్పుకుంటావా అమ్మా?" అని జల్లెడ పండితుడు అడిగాడు. చేతికి మట్టంటని మనిషి. మాట మాత్రం మెత్తన.

"నాదేదో తేల్చి చెప్తారా?"

"తేల్చడానికే ఉన్నాను."

"అయితే పట్టండి జల్లెడ," అంది.

ఆవిడ తన పాటల్లోకెల్లా పెద్ద పాట ఎత్తుకుంది. పాట గొంతులోంచి జల్లెడలోకి పడింది. పండితుడు ఇటూ అటూ ఊపాడు. సాగదీత మెత్తగా రాలిపోయింది. కూత రాలింది. గెంతు కూడా రాలింది. చివరికి జల్లెడలో ఈకంత తుక్కేదో మిగిలింది.

"ఇదే నీ సొంతం," అన్నాడు పండితుడు సంతోషంగా. సభ చప్పట్లు కొట్టింది. భరిణె మీద ఆవిడ పేరు చెక్కారు. కింద రాలినదాన్ని మూడు మూటలు కట్టి మూడు దిక్కులకు పంపారు.

ఆవిడ ఇంటికొచ్చి తిరగలి ముందు కూచుంది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఈకంత తుక్కు కోసమా నా బతుకంతా అనుకుని ఏడ్చింది. అన్నం సయించలేదు, సంతకు వెళ్ళబుద్ధి కాలేదు.

మూడోనాడు పక్కింటామె రాగులు తెచ్చి పోసింది. కాదనలేక విసిరింది. విసిరి, జల్లెడ అందుకుని జల్లించింది. మెత్తటి పిండి చేటలోకి రాలింది. జల్లెడలో మిగిలిన పొట్టును ఎప్పటిలాగే గాడిద ముందు విదిలించబోయింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి జల్లెడ పడుతున్న మనిషి! కింద రాలేది ఏమిటో, పైన మిగిలేది ఏమిటో తనకు తెలియదా? రాజుగారి సభలో, ఆ బంగారు తీగెల తళుకులో, ఆ సంగతే మరిచిపోయింది.

"ఓసి నా తెలివి తెల్లారిపోనూ!" అని నెత్తి కొట్టుకుంది. తెలిసి మాత్రం ఏం లాభం? పిండి మూడు దిక్కులకు పోయింది.

ఆ వారంలోనే పడవవాడు మూట చంకన పెట్టుకుని వచ్చాడు. ముసలివాడైపోయాడు.

"ఏంటి చెల్లెమ్మా ఇది? నాదని పంపారు."

"నీదే కదన్నా. నీ కూతే."

"నా కూత నాకు తెలీదా ఏంటి? అవతల మనిషున్నాడో లేడో తెలిస్తే చాలని వేసేవాణ్ణి. ఇందులో ఎవరో ఎదురుచూస్తన్నారు. ఇప్పుడొస్తారా, ఇంకాసేపటికొస్తారా అని గుండె పీకుతోంది. ఇది నాది కాదు. నీది నువ్వు తీసుకో."

మూట విప్పి ఆవిడ ఒళ్ళో పోశాడు. ఆవిడ గొంతులో ఏదో కదిలింది.

మర్నాడు హార్మణీ మేష్టారు వచ్చారు. ఆయనకు కోపంగా ఉంది. "పలకని మెట్టు చూసి సిగ్గుపడి గెంతేవాణ్ణి తల్లీ. జనం చూడకూడదని తొందరగా గెంతేవాణ్ణి. నువ్వు అక్కడ గెంతే ముందు కాస్త ఆగుతావు. మూట విప్పగానే, ఆ ఆగడం విని మా ఆవిడ ఏడ్చేసింది. నేనెన్నడూ మా ఆవిణ్ణి ఏడిపించలేదు, కనీసం పాటతో. ఇది నాదంటే ఊరుకోను."

ఆయన మూట కూడా ఆవిడ ఒళ్ళోకే వచ్చింది.

ఆఖరి మూటను గానశాల బంట్రోతు తిరిగి తెచ్చాడు. "మీ అమ్మగారి పేర పంపారు. పుచ్చుకోవడానికి ఆవిడ లేరు. వారసులకు ఇమ్మన్నారు," అని గడపలో పెట్టి వెళ్ళాడు.

ఆ మూట ఆవిడ చాలాసేపు విప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. విప్పాక చెవి దగ్గర పెట్టుకుంది. తల్లి సాగదీత వినిపించింది. అందులో ఇంకో తిరగలి చప్పుడు వినిపించింది. అది తల్లి రాయి కాదు, అంతకంటే బరువైనది, పాతది. ఆ రాయి ముందు ఎవరు కూచున్నారో ఆవిడకు తెలియదు. తల్లికి తెలుసేమో.

"నువ్వు కూడానా అమ్మా!" అని నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. నవ్వు ఆగేసరికి అది పాటయింది.

సంతలు మళ్ళీ కళకళలాడాయి. పొయ్యి మీద ఎసళ్ళు మళ్ళీ ఇంకిపోయాయి. ఆవిడ దిగులు మాత్రం సగమే తీరింది. పాట తనదే, సరే. చేతులు నానాటికీ పట్టేస్తున్నాయి. నాలుగు చుట్లు తిప్పేసరికి ఆయాసం వచ్చి పాట తెగిపోతోంది.

ఒక పొద్దున జల్లెడ పండితుడు స్వయంగా ఆవిడ వాకిట్లోకి వచ్చాడు. చేతిలో గంధపు భరిణె ఉంది. మొహం వాడిపోయి ఉంది.

"రాజుగారు వినిపించమన్నారమ్మా. మూత తీస్తే ఏమీ పలకడం లేదు. పేరు స్పష్టంగా ఉంది. పాటే లేదు."

"అయ్యగారూ, తమరెప్పుడైనా పిండి జల్లించారా?"

"మా ఇంట్లో వంటవాళ్ళున్నారు."

"అదీ సంగతి," అంది. భరిణె అందుకుని, మూత తీసి, లోపలున్నది గాడిద ముందు విదిలించింది. గాడిద వాసన చూసి తినేసింది. పండితుడు ఖాళీ భరిణెలోకి తొంగి చూశాడు. కాసేపటికి ఆయనకు అర్థమైంది. అంతకుముందు జల్లించిన పాటలన్నీ, శాలలో వరసగా పేర్చిన భరిణెలన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. ఆయన అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

ఆవిడకు జాలేసింది. ఎంతయినా మెత్తటి మనిషి.

"కూచున్నారు కదా, ఇటు తిరిగి కూచోండి," అంది. "ఒక్క చేత్తో లాగలేకపోతున్నాను. తిరగలికి ఎదురెదురుగా ఇద్దరు కూచుని పిడి పట్టుకుంటారు. పట్టండి."

"నాకు రాదమ్మా."

"రాయికి వచ్చు."

ఆయన పిడి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి పైన, ఆవిడ చెయ్యి కింద. రాయి మొదట మొరాయించింది, తర్వాత కదిలింది. ఆవిడ పాట ఎత్తుకుంది. ఈసారి నాలుగో చుట్టుకు తెగలేదు, పదో చుట్టుకూ తెగలేదు. ఆయన ముందు వింటూ తిప్పాడు. తర్వాత పెదవులు కదిపాడు. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట, ఆయన నోటి నుంచి ఒక మాట దొర్లి పాటలో పడింది. ఆ మాట ఆవిడ కట్టింది కాదు. ఎక్కడా విన్నది కాదు. సరిగ్గా అతికింది.

పండితుడు ఉలిక్కిపడి పిడి వదిలేయబోయాడు.

"అమ్మా, ఆ మాట... నాదా, మీదా?"

ఆవిడ ఇంకో పిడికెడు రాగులు పోసింది.