బలహీనతల పుస్తకం

ఏటి ఒడ్డున ఒక నువ్వుల గానుగ ఉండేది. దాన్ని జంతువులే నడుపుకునేవి. గానుగ తిప్పే ఎద్దు బసవయ్యదే అక్కడి పెద్దరికం. గాడిద సాంబయ్య బస్తాలు మోసేవాడు, కుక్క వీరాస్వామి గుమ్మం కాసేవాడు. రాలిన గింజలు ఏరే కోళ్లకు పుల్లమ్మ పెద్ద. పని సజావుగానే సాగేది గాని, ఎవరికి సెలవు కావాలో, ఎవరు ఎవరి మీద అలిగారో చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

అటువంటి చోటికి ఒక ఉదయం చలమయ్య అనే నక్క ఉద్యోగం కోసం వచ్చాడు. బతుకు గురించి చాలాకాలం ఆలోచించి అతడు ఒక సత్యం గ్రహించాడు. కోడి కావాలని వచ్చిన నక్కను కర్రలతో తరుముతారు. కోళ్ల వివరాలు కావాలని వచ్చిన నక్కకు పీట వేస్తారు. ఇంతటి జ్ఞానానికి సగం ఆయుష్షూ, తోకలో సగం బొచ్చూ ఖర్చయ్యాయి.

"తమరు చేసే పని?" అని అడిగాడు బసవయ్య.

"హెచ్చార్ మేనేజర్నండి. మానవ వనరులు చూస్తాను."

"ఇక్కడ మానవులు లేరే."

"అందుకే పని తేలిక."

"అనుభవం?"

"పదేళ్లుగా కోళ్లను దగ్గరగా గమనిస్తున్నాను."

"పాత చోటు ఎందుకు వదిలారు?"

"వాళ్లు వదల్లేదండి. ఏటి దాకా వెంట వచ్చి మరీ సాగనంపారు."

అంతటి అభిమానం పొందినవాడు దొరకడం అదృష్టమనుకున్నాడు బసవయ్య. ఉద్యోగం ఖాయమైంది.

చలమయ్య మర్నాడే లావుపాటి పుస్తకం ఒకటి తెరిచి, ఒక్కొక్కరినీ విడిగా పిలిచాడు. అందరికీ ఒకటే ప్రశ్న.

"మీ బలహీనత ఏమిటి?"

"ఒకసారి కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవలేను," అన్నాడు బసవయ్య.

"పాట ఎత్తుకుంటే ఆపలేను," అని సాంబయ్య సిగ్గుపడ్డాడు.

"ఎవరైనా పరిగెడితే వెంటపడకుండా ఉండలేను. నడిచేవాళ్ల జోలికి పోను," అన్నాడు వీరాస్వామి.

రాసుకుంటున్న కొద్దీ చలమయ్యకు ఒళ్లు తేలిపోతున్నట్టుంది. చివరికి పుల్లమ్మ వచ్చి కూర్చుంది.

"ఏం చెప్పను నాయనా, నాకు మధ్యాహ్నం కునుకు. పెరట్లో ఖాళీ మట్టి గాదె ఉంది చూశావా, అడుగున చిన్న ద్వారం. అందులో దూరి పడుకున్నానంటే ఎత్తుకుపోయినా తెలియదు."

"ఒంటరిగానేనా?"

"నా గురకకు పక్కన ఎవరు పడుకుంటారు?"

చలమయ్య కొత్త పేజీ తిప్పాడు. "బరువు?"

"అదీ రాయాలా?"

"ఫారంలో ఉందమ్మా."

"రెండున్నర కిలోలు. వానాకాలంలో ఇంకో పావు."

పుస్తకం మీద టపటపా నీళ్లు రాలాయి.

"జలుబా నాయనా?"

"కొత్త ఉద్యోగం కదమ్మా, ఆనందబాష్పాలు."

"నోట్లోంచి వస్తున్నాయే," అంటూ లేచిన పుల్లమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "ఇంతకీ నీ బలహీనత ఏ పేజీలో ఉంది?"

"మేనేజర్లకు ఉండవమ్మా."

"పెట్టి పుట్టారు," అని ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం చలమయ్య కళ్లంలో అందరికీ శిక్షణ ఏర్పాటు చేశాడు. విషయం: పనిలో ప్రశాంతత. అందరూ కళ్లు మూసుకుని కూర్చోవాలి, సాంబయ్య పాడాలి. కూర్చున్న ఎద్దు లేవదు. పాట హోరులో కోడి అరుపు వినబడదు. ఎవరూ పరిగెత్తరు కనుక కుక్క కదలదు. పుల్లమ్మకు కునుకు వేళ కనుక గాదెలోనే ఉంటుంది. ఇన్నేళ్లు పరుగెత్తి సాధించలేనిది కూర్చుని సాధించడాన్నే వృత్తి అంటారు కాబోలని అతని మనసు నిండిపోయింది. తోక దానంతటదే ఊగుతుండగా, మెత్తగా అడుగులేస్తూ పెరట్లోకి వెళ్లి గాదెలో దూరాడు.

లోపల నాలుగు ఈకలున్నాయి. కోడి లేదు.

ఉన్నట్టుండి ద్వారం మూసుకుపోయింది.

"ఎవరది?"

"నేనేనండి, బసవయ్యని. కళ్లంలో నేల గట్టిగా ఉంది. ఇక్కడ కూర్చున్నాను."

"లేవండి, గాలాడటం లేదు."

"ఎలా లేస్తానండీ? నా సంగతి మీరే రాసుకున్నారు కదా."

పాట దగ్గరపడటం విని చలమయ్య, "సాంబయ్యా, మీరైనా చెప్పండి," అని అరిచాడు.

పాడుకుంటూ వచ్చిన సాంబయ్య గాదె పైకన్నంలో మూతి పెట్టి, అసలు రాగం అప్పుడు అందుకున్నాడు. మట్టి గోడల మధ్య ఆ గానం నాలుగింతలైంది. చలమయ్య రెండు చెవులూ మూసుకుని, మూడో చెవి లేనందుకు దేవుడికి దండం పెట్టాడు.

సాంబయ్య ఊపిరి తీసుకున్నప్పుడల్లా పుల్లమ్మ గొంతు వినబడుతోంది.

"అందరినీ బలహీనతే అడిగావు నాయనా. బలం ఒక్కరినీ అడగలేదు. పైగా నా బరువు రాసుకుంటూ చొంగ కార్చావు. నా అనుమానం నిన్న సాయంత్రమే వీళ్లతో చెప్పాను. ఇప్పుడైనా నీ బలహీనత చెప్పు, రాసుకుంటాం."

చలమయ్య ద్వారాన్ని రెండుసార్లు నెట్టి చూశాడు. సాంబయ్య మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"కోడి," అంది లోపలి నుంచి సన్నటి గొంతు.

"రాయి వీరాస్వామీ."

"ఏ పేజీలో అక్కా?"

"మొదటి పేజీలో. ముందే రాసుకోవలసింది."

పొద్దుగూకింది. బసవయ్య లేచాడు. ఒళ్లంతా మట్టితో బయటికొచ్చిన చలమయ్యకు వీరాస్వామి చేతులు జోడించాడు.

"తమరు దయచేసి నడిచి వెళ్లండి. పరిగెడితే నా వల్ల కాదు, పుస్తకంలో ఉంది."

చలమయ్య మేనేజర్ హుందాతనంతో మూడడుగులు నడిచాడు. నాలుగో అడుగు పడేలోగా సాంబయ్య కొత్త పాట ఎత్తుకున్నాడు. ఆపైన ఎవరి బలహీనతను వారు ఆపుకోలేకపోయారు. ఈసారి కూడా అతణ్ణి ఏటి దాకా సాగనంపారు. తోకలో మిగిలిన సగం బొచ్చు వీరాస్వామి తెచ్చుకున్నాడు.

ఆ ఉద్యోగం పుల్లమ్మకు ఇచ్చారు. కొత్తగా పనికి వచ్చిన ఎవరినైనా ఆమె అడిగేది ఒక్కటే: "ఏమైనా తిన్నావా?" ఆకలిగా ఉందన్నవారికి ముందు గింజలు పెట్టి, తర్వాత పుస్తకం తెరుస్తుంది.

నీతి: ఇతరుల లోపాలను ఆయుధాలుగా పోగుచేసుకునేవాడు, అవన్నీ ఒక్కటై ఎదురొచ్చే రోజుకు సిద్ధంగా ఉండాలి.