నక్కగారి సోలార్ బడి

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరున్న ఊళ్లో గాడిదలు బొగ్గు మోయడం చూసి కూడా ఉండరు. వీపుకి రెండువైపులా గోతాలు వేలాడేసి, వాటినిండా బొగ్గు నింపుకుని గుట్ట దిగడమన్నమాట. ఒక అడవిలో గవిరయ్య అనే గాడిద ఊహ తెలిసినప్పటి నుంచీ చేసిన పని అదే. ఆ బొగ్గు మండిస్తేనే అడవికి కరెంటు.

ఒకరోజు సింహరాజు అందరినీ పిలిచాడు. "పొగకి నా జూలు నల్లబడింది. పిల్లలు దగ్గుతున్నారు. వానలు తగ్గాక బొగ్గు గని మూసేస్తాం. ఇక మన కరెంటు ఎండ నుంచే. సోలార్ పలకల పని నేర్చుకున్నవాళ్లకి మేతకి లోటుండదు. నేర్చుకోనివాళ్ల సంగతి నేను చెప్పలేను" అన్నాడు.

గవిరయ్యకి ఆ పూట గడ్డి సహించలేదు. బొగ్గు మోయడం తప్ప తనకేం వచ్చు?

అదను చూసి నక్క బడి పెట్టింది. ఫీజు వద్దంది. ఎవరి సద్దిమూట వాళ్లు తెచ్చి గురువు ముందు పెడితే చాలంది.

బళ్లో సోలార్ పలక లేదు. నక్క ఒక బాదం ఆకు పైకెత్తి, "ఇది పలక అనుకోండి" అంది. అందరూ అనుకున్నారు. "చప్పట్లు కొట్టండి" అంది. డెక్కలున్నవాళ్లు డెక్కలే కొట్టారు. ఈలోగా మేక సన్యాసమ్మ ఆ ఆకు కాస్తా నమిలేసింది.

"పలక తినేశావేమే?"

"ఆకు కదండీ."

"పలక అనుకోమన్నానా లేదా?"

"అనుకున్నానండీ. అయినా ఆకు రుచే తగిలింది."

గవిరయ్య నెమ్మదిగా అడిగాడు. "అయ్యా, నిజం పలక ఎప్పుడు పట్టుకుంటాం?"

"మీ గనివాళ్లతో ఇదే చిక్కు గవిరయ్యా. ప్రతిదీ వీపుకెత్తుకోవాలంటారు. ఇది బుర్రతో చేసే పని. నీ సద్ది ఏదీ?"

వానలు తగ్గాయి. నది మీద పడవలో కొంగలు నిజం పలకలు, వాటి కరెంటుతో తిరిగే ఒక మోటారు తెచ్చి దించాయి. రాజు వచ్చి కూర్చున్నాడు.

"మా శిష్యులు ఆరితేరారు ప్రభూ. వాళ్లే బిగిస్తారు" అంది నక్క.

గవిరయ్య పలక వైపు చూశాడు. పలకేమో అద్దం. పగిలితే తన మేత పోతుంది. రాదని ఒప్పుకుంటే, వీడికి బుర్ర లేదు ప్రభూ అని నక్క అననే అంటుంది. చెవులు దులిపి ముందుకొచ్చాడు.

"ప్రభూ, మా గనిలో ఒక పద్ధతుంది. పని నేర్పినవాడే మొదటి మోత మోస్తాడు. ఆ తర్వాతే కొత్తవాళ్లు గోతం ఎత్తుకుంటారు. గురువుగారి చెయ్యి పడకుండా మేం ముట్టుకుంటే ఆయనకి మర్యాదగా ఉండదు."

"మంచి పద్ధతే" అన్నాడు రాజు.

"నాకు నడుం నొప్పి ప్రభూ" అంది నక్క.

"బుర్రతో చేసే పనే కదండీ" అన్నాడు గవిరయ్య.

ఇక తప్పలేదు. నక్క పలక తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంత నున్నటి అద్దం ఎండకి కందిపోదూ అనుకుని, బోర్లా పడుకోబెట్టింది. అదీ చాలదని పైన గోనెసంచి కప్పింది. రాజు మోటారు వైపు చూస్తూ కూర్చున్నాడు. అది కదల్లేదు.

"ఏమైంది?"

"కొత్త చోటు కదా ప్రభూ, బెరుకు పోలేదు."

ఒక కొంగ నవ్వు ఆపుకోలేక ఒంటికాలి మీంచి పడిపోయింది. పెద్ద కొంగ వచ్చి సంచి తీసేసి, పలకని ఆకాశం వైపు తిప్పింది. మోటారు గిర్రున తిరిగింది.

"ఇలా పెట్టాలని నీకు తెలుసా?" అని రాజు గవిరయ్యని అడిగాడు.

"తెలీదు ప్రభూ. పలకని చూడడం ఇవాళే. ఇన్నాళ్లూ మాతో సద్దిమూటలే మోయించారు."

రాజు లేచాడు. కొంగల దగ్గర నేర్చుకుని ఒక్కొక్కరూ తమ చేతులతో పలక బిగించేదాకా గని మూయనన్నాడు. నక్క కూడా అందరి వెనకా నిలబడి నేర్చుకోవాలన్నాడు, సద్ది మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలన్నాడు. ఆ వరసలో ముందున్న గవిరయ్య ఆ సాయంత్రం ఆకలేసి కడుపునిండా గడ్డి తిన్నాడు.

చేసి చూపించలేనివాడి దగ్గర చేతిపని నేర్చుకోకూడదు.

పిల్లలూ, ఈ కథ మీ స్నేహితులకి చెప్పండి. తెలుగు రానివాళ్లకి వాళ్ల మాటల్లోనే చెప్పండి. నక్కని మాత్రం మరీ చెడ్డదాన్ని చేయకండి, పాపం అదీ ఇప్పుడు పని నేర్చుకుంటోంది.