లకుముకి పిట్ట తల ఎందుకు ఆడిస్తుంది

ఒకప్పుడు చేపలు నీటి అడుగున తిరిగేవి కావు. వీపులు కనబడేలా కాలువ మీద తేలుతూ ఉండేవి. లకుముకి పిట్టకు అప్పట్లో పని చాలా తేలిక. గట్టున ఉన్న కొమ్మ మీంచి దూకుతూ మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టుకునేది. లెక్క అయిపోగానే ముక్కు తెరిచేది. అక్కడ చేప సిద్ధంగా ఉండేది.

దానికి తెలిసినవి ఒకటితో మొదలయ్యే అంకెలే. గుడ్లు లెక్కపెట్టుకోవడానికి అవి చాలు. అర గుడ్డు ఏ పిట్టా పెట్టదు. లేని గుడ్డును ఏ పిట్టా పొదగదు. అందుకని వేరే రకం అంకెలు ఉంటాయన్న అనుమానం కూడా దానికి రాలేదు.

ఒక వేసవిలో ఎండ చేపల వీపులు కాల్చేసింది. చేపలు అడుగుకు దిగాయి. అక్కడ చల్లగా ఉంది. ఇక పైకి రావాలని వాటికి అనిపించలేదు.

పిట్ట మామూలుగానే దూకింది. మూడు, రెండు, ఒకటి. ముక్కు తెరిస్తే నోటినిండా నీళ్ళు. మళ్ళీ దూకింది, మళ్ళీ నీళ్ళే. గట్టులోని బొరియలో దానికి మూడు పిల్లలున్నాయి. మొదటి రోజు మూడూ ఆకలికి గోల చేశాయి. రెండో రోజుకి చిన్నపిల్ల నోరు తెరవడం మానేసింది. నోరు తెరవని పిల్ల ఎక్కువ రోజులు ఉండదని తల్లి పిట్టలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం ఇంటిపెంకులు వేసుకొచ్చే పడవ ఒకటి అక్కడ ఆగింది. పడవవాడి పేరు మావుళ్ళు. ఎండ తగ్గేదాకా ఆగుదామని పడవ నడిపే వెదురు గెడను కాలువలో పాతి, పడవను దానికి కట్టాడు. పిట్ట వచ్చి గెడ చివర వాలింది. దూకింది. నీళ్ళు మింగి పైకొచ్చింది. అది ఏడోసారి దూకేసరికి మావుళ్ళుకు నవ్వొచ్చింది. చేపలు పడుతున్నావా, కాలువ తోడేస్తున్నావా అని అడిగాడు.

పిట్ట తన గోడు చెప్పుకుంది. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అంకెలన్నీ అయిపోతున్నాయంది.

"అయిపోడమేంటే? ఈ గెడ నీళ్ళ దగ్గర ఆగిపోయిందా?" అన్నాడు మావుళ్ళు. "పైనెలా కణుపులున్నాయో కిందా అలాగే ఉన్నాయి. పైన ఒకటి, పైన రెండు. కింద ఒకటి, కింద రెండు. లెక్కెట్టుకో."

పిట్ట తొంగి చూసింది. వేసవి నీళ్ళు తేటగా ఉన్నాయి. నిజంగానే లోపల కూడా కణుపులున్నాయి. సరిగ్గా నీళ్ళ అంచున ఉన్న కణుపు పేరేమిటని అడిగింది. సున్నా అన్నాడతను, ఒకటికి ముందుది. ఒకటికి ముందు ఏమీ ఉండదని పిట్ట వాదానికి దిగింది.

"ఏమీ లేని చోట నా పడవ తేల్తుందా? అది పైదీ కాదు, కిందదీ కాదు. రెండు పక్కలకీ లెక్క మొదలయ్యేది అక్కణ్ణించే."

పిట్ట పైన మూడో కణుపు మీద కూర్చుంది. చేప కింద రెండు దగ్గర కనబడింది. పిట్ట మూడులోంచి రెండు తీసేసింది. మిగిలింది ఒకటి. ఒక్క కణుపు దూకి ముక్కు తెరిచింది. ఈసారి నీళ్ళు కూడా దొరకలేదు, గాలి దొరికింది.

మావుళ్ళు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వు తగ్గాక విడమరిచి చెప్పాడు. నీళ్ళ దాకా మూడు దాటాలి, నీళ్ళలో ఇంకో రెండు దాటాలి, మొత్తం అయిదు. పిట్ట అయిదు లెక్కపెట్టుకుని దూకింది. ముక్కు చేప వీపు మీదుగా జారిపోయింది. ఒక్క పొలుసు ఊడి ముక్కుకు అంటుకుంది. ఆ పొలుసునే తీసుకెళ్ళి పిల్లల ముందు పెట్టింది. రెండు పిల్లలు దాన్ని చూశాయి. చిన్నది కళ్ళు కూడా తెరవలేదు. పిట్టకు భయం వేసింది.

తిరిగొచ్చి మావుళ్ళు మీద విరుచుకుపడింది. నీ లెక్క తప్పు అంది.

"తప్పు కాదే తల్లీ. చేప కణుపు చూసుకుని నిలబడుద్దా? అది రెండుకీ మూడుకీ నడిమధ్యనుంది. కింద రెండున్నర. అంకెకీ అంకెకీ మధ్యన కూడా చోటుంటది. అరుంటది, పావుంటది. చేపలు అక్కడా తిరుగుతాయి."

అంతలో ఎండ తగ్గింది. మావుళ్ళు గెడ పీకాడు. ఒక్క చేప దొరికేదాకా ఉంచమని పిట్ట బతిమాలింది. గెడ లేకపోతే పడవ కదలదనీ, పడవ కదలకపోతే తన పిల్లలు పస్తుంటారనీ అన్నాడతను. అందులో అబద్ధమేమీ లేదు. పడవ వెళ్ళిపోయింది.

పిట్ట ఎగిరి గట్టు మీది తుమ్మకొమ్మ మీద వాలింది. కింద నీళ్ళున్నాయి. నీళ్ళలో చేప ఉంది. కణుపులే లేవు. బొరియలోంచి చప్పుడు రావడం లేదు. ఏడవడానికి కూడా దానికి తీరిక లేదు.

కణుపులు ఉన్నాయనుకుని, కణుపుకోసారి తలను పైకెత్తి దించింది. ఒకటి. మళ్ళీ ఎత్తి దించింది. రెండు. ఇంకోసారి, మూడు. నీళ్ళ అంచు వచ్చింది, సున్నా. అక్కణ్ణించి కింద ఒకటి, కింద రెండు. ఆఖరున తలను సగమే వంచింది. అర. అప్పుడు దూకింది.

ముక్కు మూసేసరికి అందులో చేప ఉంది.

ఆ చేపను చిన్నపిల్లకే పెట్టింది. అది వెంటనే మింగలేకపోయింది. తల్లి ఓపిగ్గా పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి చిన్నదాని గొంతు కదిలింది. తల్లి అది చూసి, మిగిలిన రెండింటి కోసం మళ్ళీ కాలువ మీదికి ఎగిరింది. ఆ సాయంత్రం దానికి పట్టరాని సంతోషం, కూర్చోవడానికి మాత్రం వీల్లేదు.

చేపలూ ఊరికే లేవు. పైన తల ఊగడం కనబడగానే కాస్త పైకో కిందికో జరగడం నేర్చుకున్నాయి.

అప్పటినుంచే లకుముకి పిట్ట దూకేముందు తలను పైకీ కిందికీ ఆడిస్తుంది. ఆడించి, దూకకుండా ఆగి, మళ్ళీ మొదట్నించీ ఆడించిందంటే, కింద చేప ఒక అర కణుపు జరిగిందన్నమాట.