మంచం దిగని మెలెరి

అనగనగా ఒక ఊళ్ళో కాదు తల్లీ, ఈ కథ రెండు ఊళ్ళల్లో జరిగింది. అనగనగా రెండు రాజ్యాలు, వాటి మధ్య ఒక ఏరు.

సముద్రాలు దాటి పోతే వేల్స్ అని ఒక కొండల దేశం ఉంది. మనకి ఎండ ఎంతో వాళ్ళకి ముసురు అంత. అక్కడ ఏటికి ఈ పక్కన కాడెల్ రాజు, ఆ పక్కన ఇద్వాల్ రాజు. ఇద్దరికీ పడదు. ఒకడు తుమ్మితే రెండోవాడు కత్తి దూసేవాడు.

దేనికంటావా? ఏటి ఒడ్డున ఒక పచ్చిక బయలు ఉంది. మోకాలెత్తు గడ్డి. అది ఇద్వాల్ వైపు ఒడ్డున ఉంది గానీ, మా తాతలదే అని కాడెల్ అనేవాడు. ఎండాకాలం రాగానే రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ ఆవుల్ని తోలుకుని అక్కడికే పోయేవాళ్ళు. పాలు పితికేవాళ్ళు, వెన్న తీసేవాళ్ళు. అప్పుడు మగవాళ్ళు కత్తులు పట్టుకుని దిగేవాళ్ళు. గడ్డి మాదంటే మాదని ఆ గడ్డినే తొక్కి నాశనం చేసేవాళ్ళు. ఆడవాళ్ళు కుండలు వదిలేసి పారిపోయేవాళ్ళు. పితికే దిక్కులేక పొదుగులు బిగిసిపోయి ఆవులు అరిచేవి. ఆ యుద్ధాల మీద బోలెడు పాటలు కట్టారులే. ఆవుల అరుపు మీద మాత్రం ఎవడూ కట్టలేదు.

కాడెల్ రాజుకి ఒక కూతురు. పేరు మెలెరి. తల్లి లేని పిల్ల. పాలు పితికే మాబ్లి అవ్వ పెంచింది. రాజుగారి కూతురైనా ఎండాకాలమంతా పచ్చిక మీదే ఉండేది. ఒక ఏడాది అలా పారిపోతూ మాబ్లి కూతురు ఏట్లో కొట్టుకుపోయింది. మెలెరి కళ్ళముందే. ఆనాటి నించీ ఆ పిల్ల మనసులో ఒకటే పట్టుదల. ఈ బయలు మీద ఇంక కత్తి ఆడకూడదు.

ఆ తర్వాత ఒకరోజు మెలెరి ఆవు తప్పిపోయింది. వెతుక్కుంటూ పోతే ఒక కుర్రాడు దాని కొమ్ము పట్టుకుని నిలబడ్డాడు. వాడు ఇద్వాల్ రాజు కొడుకు, రూన్.

"ఇది మా గడ్డి మేసింది. ఇక మాదే," అన్నాడు.

"మీదైతే పితుకు, చూస్తాను," అంది మెలెరి.

వాడు దర్జాగా కూర్చున్నాడు. ఆవు ఒక్క తన్ను తన్నింది. రాజకుమారుడు బురదలో పడ్డాడు. మెలెరి నవ్వింది. కోపం రావాల్సింది పోయి వాడికీ నవ్వొచ్చింది.

రెండోరోజు వాడు పితకడం నేర్చుకుంటానని వచ్చాడు, నడుముకి కత్తి కట్టుకుని.

"ఆ ఇనుము చప్పుడికి ఆవు చేపుకి రాదు, పాలు దిగవు. ఇంటిదగ్గర పెట్టి రా, పో," అంది.

మూడోరోజు వాడు కత్తి లేకుండా వచ్చాడు. అప్పుడు ఆవు చేపింది. కుండ నిండింది. మెలెరి మనసూ నిండింది.

"నాన్నా, రూన్‌ని పెళ్ళి చేసుకుంటాను," అంది ఇంటికొచ్చి.

కాడెల్ రాజు ముందు అరిచాడు. ఆ తర్వాత మీసం దువ్వుకుని నవ్వాడు. ఎందుకో తెలుసా? ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. పెళ్ళయిన మర్నాడు పొద్దున, పెళ్ళికూతురు మంచం దిగకముందే తనకేం కావాలో అడగాలి. రాజుగారి పాటగాడి ఎదురుగా అడగాలి, ఆయనే సాక్షి. దాన్ని పొద్దుటి కానుక అంటారు. అడిగింది అత్తారు ఇచ్చి తీరాలి, అలా తీసుకున్నది ఆమె ఒక్కదాని సొంతం. కానీ అడక్కుండా పాదం నేలకి తగిలిందా, అంతే సంగతులు.

"ఆ పచ్చిక అడుగు. అడిగి నా చేతిలో పెట్టు," అన్నాడు కాడెల్. నీకేం కావాలమ్మా అని మాత్రం అడగలేదు.

అవతల ఇద్వాల్ రాజు తక్కువ తిన్నవాడా? కొడుకు పేర గుప్పెడు మట్టి కూడా లేదు, కానుక ఏదైనా తనే ఇవ్వాలి. "ఆ పిల్ల నోరు తెరిచేలోపే పాదం కింద పెట్టిస్తాను," అనుకుని పెళ్ళికి ఒప్పుకున్నాడు.

ఇద్వాల్ కోటలో పెళ్ళయింది. మర్నాడు తెల్లారింది. మెలెరి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పాటగాడు ఎంతకీ రాడే! ఇద్వాల్ రాజు ఆయన్ని విందు దగ్గర కూర్చోబెట్టి, తినండి తినండి అని వడ్డిస్తూనే ఉన్నాడు.

అప్పుడు ఒక దాసి వచ్చి గది చివర నీళ్ళ పళ్ళెం పెట్టింది. "రండమ్మా, మొహం కడుక్కోండి," అంది.

"రాత్రి కడుక్కున్న మొహమే బాగుంది," అంది మెలెరి.

కాసేపటికి పెరట్లోంచి కేక. "పెళ్ళికూతురి తెల్లగుర్రం తాడు తెంచుకుంది! పారిపోతోంది!" ఆ గుర్రమంటే మెలెరికి ప్రాణం. కాలు మంచం అంచుదాకా వచ్చేసింది. అప్పుడు మాబ్లి కూతురు గుర్తొచ్చింది. కాలు వెనక్కి లాక్కుంది.

మూడోసారి రాజే వచ్చాడు. ఒక హారం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టె మీద పెట్టాడు. "వచ్చి తీసుకో కోడలా, నీకే."

"మంచి మనసు మామయ్యగారూ. అంత మనసున్నవాళ్ళు నాలుగడుగులు వేసి మెళ్ళో వెయ్యకూడదా?"

రాజు మొహం మాడిపోయింది. ఈలోగా పాటగాడు మూతి తుడుచుకుంటూ రానే వచ్చాడు. ఇక తప్పించుకునే దారి లేదు. గది చుట్టూ చూశాడు రాజు. నాలుగు మట్టిగోడలు, పొగ పోవడానికి పైన ఒక చిన్న కన్నం. వెటకారంగా నవ్వాడు.

"అడగడం దేనికమ్మా? మంచం దిగకుండా నీ కంటికి ఎంత నేల కనిపిస్తే అంతా నీదే!"

"ఇంకోసారి అనండి. పాటగాడుగారికి సరిగ్గా వినపడాలి," అంది మెలెరి.

రాజు ఇంకా గట్టిగా అన్నాడు. పాటగాడు తలాడించాడు.

అప్పుడు మెలెరి పక్కనే నిలబడ్డ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, చూస్తావేం? మంచం ఎత్తు."

రూన్ బిత్తరపోయాడు. "ముట్టుకున్నావంటే నా కొడుకువి కాదు!" అని అరిచాడు ఇద్వాల్. రూన్ తండ్రిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. ఆ తర్వాత వంగి ఒక మంచంకోడు పట్టుకున్నాడు.

ఒక్కడు ఎత్తితే లేస్తుందా? మెలెరితో వచ్చిన మాబ్లి అవ్వ రెండో కోడు పట్టుకుంది. మిగతా రెండూ ఎవరు పట్టారనుకున్నావ్? ఇద్వాల్ ఇంటి ఆవుల్ని పితికేవాళ్ళే! వాళ్ళు మాత్రం ఆ ఆవుల అరుపులు వినలేదా?

గుమ్మంలో మంచం ఇరుక్కుంది. పక్కకి వంచారు. మెలెరి పట్టె పట్టుకుని వేలాడింది, "నన్ను పారేశారంటే చూడండి!" అని తిడుతూ. ఎలాగో బయటపడ్డారు. ఇక చూడు ఊరేగింపు! పల్లకీ కాదు, రథం కాదు, దుప్పట్లతో సహా మంచం. ముందు రూన్ రొప్పుతున్నాడు, వెనక పాటగాడు నడుస్తున్నాడు, ఆ వెనక ఊరు ఊరంతా. దుప్పటి కప్పుకుని, తల ఎత్తుకుని కూర్చుంది మా మెలెరి.

"ఇది చెల్లదు!" అని రాజు వెంటబడ్డాడు.

"పాదం నేలకి తగల్లేదు," అన్నాడు పాటగాడు. "మాట తప్పావని ఒక్క పాట కట్టానంటే, నీ మునిమనవల పెళ్ళిళ్ళలో కూడా పాడి నవ్వుతారు."

రాజు కాళ్ళీడ్చుకుంటూ వెనకే నడిచాడు.

బయలు మధ్యలో మంచం దించారు. మెలెరి చుట్టూ చూసింది. కొండలు కనిపిస్తున్నాయి. కోట కనిపిస్తోంది. రాజుకి చెమటలు పట్టాయి.

"కోట మీరే ఉంచుకోండి మామయ్యగారూ. అన్ని గదులు ఎవరు ఊడుస్తారు? నాకు ఈ పచ్చిక చాలు."

ఏటి అవతల ఒడ్డున తన ఊరివాళ్ళతో కాచుకుని ఉన్న కాడెల్ రాజు ఎగిరి గంతేశాడు. "శభాష్ కూతురా! మన బయలు మనకొచ్చింది!"

"మనకి కాదు నాన్నా. నాకు."

"ఆడపిల్లకి నేలెందుకే?"

"అంత కావాలంటే నువ్వే ఎవర్నో పెళ్ళాడి మంచం ఎక్కి అడుక్కో!" అంది మెలెరి. రెండు ఒడ్ల మీదా ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. అప్పుడు గొంతు పెంచింది. "అందరూ వినండి. రెండు ఊళ్ళ ఆవులూ ఇక్కడికి రావచ్చు. కత్తి రాకూడదు. పట్టుకొచ్చినవాడు రాజుతో కాదు, నాతో తేల్చుకోవాలి."

ఇద్వాల్ వెంట వచ్చిన ఒక ముసలి బంటు తన కత్తిని చూసుకున్నాడు. చిన్నగా వెనక్కి నడిచి, బయలు దాటి అవతల నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు. ఆ తర్వాత అందరూ. ఆఖర్న ఇద్వాల్ రాజు కూడా, మొహం గంటు పెట్టుకుని.

అప్పుడు రూన్ చెయ్యి అందించాడు. మెలెరి ఆ చెయ్యి వైపు తియ్యగా చూసింది గానీ పట్టుకోలేదు. తనంతట తనే మంచం దిగింది. మొదటి అడుగు తన సొంత నేల మీద వేసింది.

కథ నడిచింది కంచికి,
మెలెరి దిగింది కిందికి,
కునుకు ఎక్కింది నీ కంటికి,
కలలో పోదాం దానింటికి.