పొరమ్మ పెట్టిన ఆఖరి ముద్ద

ఒకప్పుడు గుండె మీద చిటికెడు కొవ్వు కూడా ఉండేది కాదు. పైన పలచని పొర ఒక్కటే ఉండేది. ఆమె పేరు పొరమ్మ. గుండెకు రక్తం మోసే నాళమ్మ ఆమె కూతురే. పొరమ్మ ఒంట్లోంచే పుట్టింది, ఆమె ఒళ్లోనే పడుకునేది. తల్లీకూతుళ్ల మధ్య గోడ లేదు.

నాళమ్మకు తీరికంటూ లేదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా అటూ ఇటూ ఊగిపోవాలి.

పిల్ల నలిగిపోతోంది అనుకుంది పొరమ్మ. రక్తంలో కొట్టుకొచ్చే కొవ్వును ముద్దలు చేసి తినిపించింది.

"చాలమ్మా," అనేది నాళమ్మ.

"ఇదొక్కటే. ఆఖరి ముద్దలోనే బలమంతా ఉంటుంది."

పిల్ల తినకపోయినా పొరమ్మ ఆ ముద్దను పారేసేది కాదు. పిల్ల చుట్టూ మెత్తగా పేర్చేది. మొదట్లో బాగానే ఉంది. వెచ్చగా ఉంది, దెబ్బ తగలలేదు. ఆకలేస్తే గుండె కూడా అందులోంచి కాస్త తీసుకునేది.

ఒకరోజు నాళమ్మ, "అమ్మా, దారి ఇరుకవుతోంది. రక్తం పోవట్లేదు," అంది.

పొరమ్మ బెదిరిపోయింది. నీరసమేమో. ఇంకో ముద్ద పెట్టింది. చలేమో. ఇంకాస్త కప్పింది.

దారి ఇంకా ఇరుకైంది.

పక్కింటి ఊపిరితిత్తి తొంగిచూసింది. "ఏం వదినా, పిల్లకి బొంత కుట్టావా, బొంతలో పెట్టి పిల్లను కుట్టేశావా?"

"నీకేం, గాలి తిని బతుకుతావు," అంది పొరమ్మ.

ఆ మధ్యాహ్నం గుండె తడబడింది. "అత్తా, కింది మూల తిమ్మిరెక్కింది. నాళమ్మ నుంచి రక్తం రావట్లేదు. ఇంకాసేపైతే ఆ మూల చచ్చిపోతుంది."

పొరమ్మ కూతుర్ని తడిమింది. ఒళ్లు కాలిపోతోంది. లోపల కొవ్వు గార కట్టింది. తాను పేర్చిన కొవ్వు వాచి ఎర్రబడింది. దాని మంట పిల్లలోకి దిగుతోంది. మధ్యలో అడ్డమేమీ లేదు కదా.

"నేను పెట్టిందేనా ఇది?"

"నువ్వు పెట్టిందేనమ్మా." మాట సన్నగా వచ్చింది.

"బలానికి పెట్టాను కదే."

"మొదట బలంగానే ఉంది."

"మరి ఎన్నో ముద్ద దగ్గర చెడింది?"

"లెక్కపెట్టుకోలేదమ్మా."

పొరమ్మ గబగబా కొవ్వు తీయబోయింది. మొత్తం తీస్తే చలి, దెబ్బ. ఉంచితే మంట. సగం తీసింది. మళ్లీ కాస్త పెట్టింది. మళ్లీ తీసింది. సన్నగా దారి తెరుచుకుంది. గుండె తేరుకుంది. కింది మూలలో కొంత మాత్రం అప్పటికే చచ్చిపోయింది. పొరమ్మ తన పోగులే లాగి అక్కడ మాసిక వేసింది.

అప్పటినుంచే గుండె చుట్టూ కొవ్వు నిలిచిపోయింది. పలచగా ఉంటే కాపు కాస్తుంది, మందమైతే మంట పెడుతుంది. అప్పటినుంచే గుండెకు గాయమైతే పైపొర లేచి వచ్చి కుడుతుంది. కుట్టిన చోటు కొట్టుకోదు. ఎందుకో పొరమ్మకు అర్థం కాదు. పక్క చోటు మీద చెయ్యి వేసి, అదైనా కొట్టుకుంటోందా అని చూసుకుంటుంది.