ఊఁ కొట్టిన మైకు

ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పడం చిదంబరంగారికి అలవాటు లేదు. చాలా ఏళ్ళు రేడియోలో రికార్డింగు పని చేసి, రిటైరయ్యాక కాకినాడలో తన మేడగదిలోనే ఆ పని నలుగురికి నేర్పుతున్నారు. ఆ నలుగురిలో ఒకతె ఇందుమతి. ఆ ఉదయం ఆమె కాస్త విసుగ్గానే అడిగింది.

"మాస్టారూ, లాప్‌టాప్‌లోనే మైకు ఉంది కదా. మళ్ళీ విడిగా ఒకటి కొని, వైర్లు లాగి, స్టాండు మోసుకుని తిరగడం... ఎందుకండీ ఈ చాకిరీ? మాట వినపడితే చాలదూ?"

"కూర్చో. ఒకాయన వస్తానన్నాడు," అన్నారు చిదంబరంగారు.

వచ్చింది ఇద్దరు. పాపారావు ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగి. వెంట వచ్చిన భూలక్ష్మి అతని అక్క. అంగన్‌వాడీలో పిల్లలకు కథలు చెప్పి ఊళ్ళో పేరు తెచ్చుకున్న మనిషి. ఇప్పుడు మెడ చుట్టూ పలచని తువ్వాలు. గొంతులో క్యాన్సరు పుండు లేచిందని డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కు ముందు ఆవిడ తమ్ముణ్ణి ఒక్కటే కోరింది: తాను అల్లిన తాబేలు పెళ్ళి కథను తన గొంతుతోనే రికార్డు చేసి ఉంచమని. అతను చేశాడు. ఇప్పుడది సరిగ్గా వినపడటం లేదు.

"కాస్త శుభ్రం చేస్తే చాలండీ," అన్నాడు పాపారావు. "లాప్‌టాప్ మంచి కంపెనీదే."

ఇందుమతి ఆ రికార్డింగును స్పీకర్లలో పెట్టింది. ముందు ఫ్యాను హోరు. దాని వెనక ఎక్కడో, పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు, ఒక ఆడగొంతు సణుగు. ఆపైన గది అదిరేలా "ఊఁ!" వినేవాళ్ళు ఊఁ కొట్టకపోతే భూలక్ష్మి కథ ముందుకు నడవదు. పాపారావు బుద్ధిగా ఊఁ కొట్టాడు. రికార్డు చేసిన రోజు లాప్‌టాప్ అతని ఒళ్ళో ఉంది. అక్కేమో గదికి ఆ చివర మంచం మీద ఉంది. సణుగు, ఊఁ. సణుగు, ఊఁ. మధ్యలో టకటకమని ఇంకో చప్పుడు.

"ఈ టకటక ఏమిటండీ?" అని అడిగింది ఇందుమతి.

పాపారావు గొంతు సవరించుకున్నాడు. "ఆఫీసు మెయిల్సు. అర్జంటువి... రెండో మూడో."

భూలక్ష్మి తమ్ముడి వైపు తిరిగింది. కథ పట్టడానికే ఏవో మీటలు నొక్కుతున్నాడని అనుకుంది కాబోలు, ఇన్నాళ్ళూ.

ఇందుమతి ఫ్యాను హోరు తగ్గించింది. దానితో పాటే సణుగూ పోయింది. పాపారావు గొంతు తగ్గించి చూసింది. అతని గొంతు తీసిన చోట ఏమీ మిగల్లేదు. అలా వింటూ పోగా ఒకచోట ఊఁ రాలేదు. టకటక ఒక్కటే సాగింది. కాసేపటికి ఆడగొంతు హెచ్చి, అక్షరం అక్షరం తేటగా పలికింది.

"ఒరేయ్ బుజ్జీ, వింటున్నావా?"

"ఆఁ ఆఁ, చెప్పక్కా!" గది దద్దరిల్లింది.

మొత్తం కథలో ఆవిడ గొంతు సరిగ్గా పడింది ఆ ఒక్క మాట దగ్గరే. కథలో తరవాతి వాక్యానికి భూలక్ష్మి పెదవులు వాటంతటవే కదిలాయి. తువ్వాలు కింద, ఊపిరికోసం మెడకు పెట్టిన రంధ్రంలోంచి గాలి బుస్సుమంది.

ఇందుమతి తల ఎత్తకుండానే అడిగింది. "ఇదొక్కటే బాగుందండీ. ఈ ముక్క కోసి ఇవ్వమంటారా?"

"అబ్బే, అది వద్దు. ఇంకేమైనా..." అంటూ పాపారావు చెయ్యి అడ్డం పెట్టాడు.

భూలక్ష్మి ఆ చెయ్యి పక్కకు తోసి, అదే కావాలని తెర మీద వేలు పెట్టి చూపించింది.

వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయాక ఇందుమతి, "విడి మైకే కొంటాను మాస్టారూ," అంది.

"కొనుక్కో. అందులో గొప్పేం లేదు," అన్నారు చిదంబరంగారు. "కాకపోతే, దాన్ని పట్టుకుని ఎవరో ఒకరు లేచి, చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి."